సముద్రపు గాలి, షెఫీల్డు కత్తి

పాత మంగలికత్తులను సేకరించి, తుప్పు వదిలించి, సానపట్టి మళ్లీ వాడుకలోకి తెచ్చే పెద్దమనుషులు విశాఖపట్నంలో ఒక్కొక్కరుగా పెరుగుతున్నారు. వారిని చూసి నవ్వేవారు అంతకంటే వేగంగా పెరుగుతున్నందున, ఈ విద్య పక్షాన నాలుగు మాటలు చెప్పడం పౌరుడిగా నా బాధ్యత అనుకుంటున్నాను. దీనికి భూమ్మీద మన నగరాన్ని మించిన చోటు లేదన్నది నా వాదన.

కారణం గాలి. అనంతపురంలో ఉండే దురదృష్టవంతుడు ఒక కత్తిని ఒకసారి బాగు చేసుకుంటే, ఆ పొడిగాలిలో అది ఏళ్ల తరబడి తళతళలాడుతూనే ఉంటుంది. పాపం, అతనికి ఇక చేయడానికి పనేమీ మిగలదు. మనకా బాధ లేదు. పాత కత్తులు కార్బన్ ఉక్కుతో చేసినవే తప్ప స్టెయిన్‌లెస్ కావు. ఎంవీపీ కాలనీలో కిటికీ తెరిచి ఉంచి, నూనె రాయడం మరిచి కత్తిని బల్లమీద వదిలేస్తే, మిగతా పని ఉప్పుగాలి చూసుకుంటుంది. శ్రద్ధగా రుద్దిన తుప్పు అంతకంటే శ్రద్ధగా తిరిగి వస్తుంది. పదవీ విరమణ చేసినవారికి ఇంత నమ్మకమైన ఉపాధిని ఏ ప్రభుత్వమూ కల్పించలేదు.

కత్తి ఇంగ్లండులోని షెఫీల్డుదో, జర్మనీలోని సోలింగెన్‌దో అయి ఉండాలి. 1966లో ఉద్యమించి సాధించుకున్న ఉక్కు కర్మాగారం ఊళ్లోనే ఉంది గదా అని తెలియనివారు అడుగుతారు. ఆ కర్మాగారం ఇళ్లకూ వంతెనలకూ కావలసిన కమ్ములు, తీగచుట్టలు తయారు చేస్తుంది. గడ్డం వంటి సున్నితమైన సమస్య దాని పరిధిలోకి రాదు. కాబట్టి వందేళ్ల కిందట ఎవరో ఆంగ్లేయుడు వాడి పారేసిన కత్తిని, అతని తుప్పుతో సహా, రవాణా ఖర్చులూ కస్టమ్స్ సుంకమూ చెల్లించి తెప్పించుకోవడం తప్ప గత్యంతరం లేదు. కత్తి చెంపను తాకకముందే జేబుకు క్షవరం పూర్తవుతుంది.

పార్సిల్ విప్పాక అసలు జబ్బులు బయటపడతాయి. పైతుప్పు నూనెకూ ఉప్పుకాగితానికీ లొంగుతుంది గాని, దాని కింద దాగిన నల్లటి గుంటలు వాదర దాకా పాకి ఉంటే ఆ కత్తి ఇక ఉత్తరాలు చింపడానికే పనికివస్తుంది. సెల్యులాయిడ్ పిడి ఉన్న కత్తులది మరొక విషాదం: ఆ పదార్థం దశాబ్దాల తరువాత కుళ్లి ఆమ్లపు ఆవిరి వదలడం మొదలుపెడుతుంది, కాపాడవలసిన పిడే కంచె చేను మేసినట్లు కత్తిని తినేస్తుంది. దంతపు పిడి వేద్దామంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడ్డు. అందుకే మనవారు ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్రతో పిడి చెక్కించి, సన్నటి ఇత్తడి చీలను సుత్తితో మెల్లగా తట్టి బిగించి, ఇంగ్లండుకూ అనకాపల్లి జిల్లాకూ వియ్యం కలిపామని ప్రకటిస్తున్నారు. ఓపిక లేక గ్రైండరు పెట్టినవారి గురించి నేను రాయను. ఉక్కు రంగు మారేంత వేడి తగిలితే అందులో పదును నిలవదు, అంతే.

ఇక సాన. కత్తి వీపూ వాదరా రెండూ ఒకేసారి రాతిని తాకేలా పడుకోబెట్టి, వాదర ముందుండేలా తోయాలి. వీపు మందమూ కత్తి వెడల్పూ కలిసి కోణాన్ని తామే నిర్ణయిస్తాయి గనుక మనిషి తెలివితో పని లేదు, ఒత్తకుండా ఉంటే చాలు. మనిషికి అదే చేతకాదు. 1000 నంబరు రాయి మీద వాదర కుదిరాక, నంబరు పెరిగేకొద్దీ మరింత నున్నటివైన 4000, 8000, 12000 రాళ్లు వరుసగా వస్తాయి. బెల్జియం ఆర్డెన్ కొండల్లో దొరికే, గార్నెట్ ఖనిజపు రేణువులున్న పసుపు రాయి తప్ప మరేదీ రాయి కాదనేవారు వేరే వర్గం, వారితో వాదించకూడదు. చివరికి తోలుపట్టీ మీద వీపు ముందుండేలా లాగాలి, లేకపోతే తెగేది తోలు. పరీక్ష కోసం వేలాడే వెంట్రుకను వాదరకు తాకించి చూడాలి. ఈ వ్యసనం పట్టే వయసుకు తలమీద వెంట్రుకలు ఉండవు గనుక ఆ సరుకు గృహిణి జడ నుంచి అప్పుగా వస్తుంది. ముంజేతులు మాత్రం అందరివీ నున్నగానే ఉంటాయి.

ఇదంతా ఎందుకని అడిగేవారికి 2014 అక్టోబరు 12 చాలు. హుద్‌హుద్ తుపాను తరువాత రోజుల తరబడి కరెంటు లేక ట్రిమ్మర్లు మూగబోయినప్పుడు, కరెంటు అక్కరలేని కత్తి విలువ తెలిసివచ్చింది. ప్లాస్టిక్ రేజరుకు కూడా కరెంటు అక్కరలేదని ఒక కుర్రవాడు గుర్తుచేశాడు. 1904లో జిలెట్‌కు సేఫ్టీ రేజరు పేటెంటు ఇచ్చిననాడే లోకంలో ఇలాంటి మాటలకు తలుపులు తెరుచుకున్నాయి.

ఇంత శ్రమతో తెచ్చిన పదును గడ్డం గీస్తే తగ్గుతుంది గనుక, మన పెద్దమనుషులు ఆదివారం ఉదయం కంచరపాలెం సెలూన్‌కే వెళ్తారు. అక్కడ అరబ్లేడు బిగించిన కత్తితో నాలుగు నిమిషాల్లో పని ముగించే మనిషి తండ్రి, అడపం అనే పనిముట్ల సంచిలో ఇవే కత్తులు పెట్టుకుని ఇంటింటికీ తిరిగి, ఒకే రాయి మీద నూరి, అరచేతి మీద తిప్పి ఊరంతటికీ గడ్డాలు గీసినవాడు. అతను రేటు పది రూపాయలు పెంచినప్పుడు ధరలు మండిపోతున్నాయని బాధపడిన పెద్దమనిషి, వేలు పోసి కొన్న 12000 రాయి మీద కత్తిని ఎలా తోయాలో కుర్చీలో కూర్చుని అతనికే వివరిస్తాడు. అతను ఓపికగా వింటాడు. కత్తి గొంతు దగ్గరకు వచ్చినప్పుడు మాత్రం, కాసేపు మాట్లాడకండి బాబూ అంటాడు.