నిర్దోషులు సరే, దోషులెవరు?

మంత్రగత్తెలని ముద్రవేసి శిక్షించిన 12 మందీ నిర్దోషులేనని అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్ర సెనేట్ 2023 మే 25న 33-1 ఓట్లతో తేల్చింది. ప్రతినిధుల సభ అంతకుముందే 121-30తో సరేనంది. ఆ 12 మందిలో 11 మందిని ఉరితీశారు. మొదటి ఉరి 1647 మే 26న, మసాచుసెట్స్‌లో మంత్రగత్తెల విచారణలకు పేరుమోసిన సేలెం ఉదంతానికి 45 ఏళ్ల ముందు, ఆల్స్ యంగ్‌ది. ఇన్నేళ్లకైనా క్షమాపణ చెప్పారు, సంతోషం. దాంతోపాటు వినిపిస్తున్న సన్నాయి నొక్కులే ఒళ్లు మండిస్తున్నాయి. పాపం, ఆ కాలపు జనం తెలియక చేశారట. అంతా మూఢనమ్మకమట.

ఎవరా జనం? ఇంగ్లండులో చర్చి భ్రష్టుపట్టిందని, నీతిగా బతికే సమాజాన్ని కట్టి చూపిస్తామని సముద్రం దాటి వచ్చిన ప్యూరిటన్లు. బైబిలు చదవగలగాలని పిల్లలకు బడులు పెట్టించినవాళ్లు. 1642లో మరణశిక్షల చట్టం రాసుకుంటూ, ఏ నేరానికి ఏ బైబిలు వచనం ఆధారమో పక్కనే చూపించారు. ఆ జాబితాలో మంత్రవిద్యది రెండో స్థానం. హత్య దాని తర్వాతే! ఇంత శ్రద్ధగా రాసుకున్న చట్టాన్ని పట్టుకుని తెలియనితనం అంటే ఎవరు నమ్మాలి?

కనెక్టికట్‌లోని విండ్సర్ ఊరి కేసు చూడండి. 1651లో అక్కడ సైనిక కవాతు జరుగుతుండగా థామస్ అలిన్ అనే యువకుడి తుపాకీ పేలి హెన్రీ స్టైల్స్ చనిపోయాడు. అలిన్ ఒప్పుకున్నాడు. 20 పౌన్ల జరిమానా వేసి, ఏడాదిపాటు ఆయుధం పట్టొద్దన్నారు. మూడేళ్ల తర్వాత అదే చావును లిడియా గిల్బర్ట్ మెడకు చుట్టారు. ఆమె మంత్రమే ఆ ప్రాణం తీసిందట. తుపాకీ పట్టినవాడికి జరిమానా, ముట్టనైనా ముట్టని ఆడమనిషికి మరణశిక్ష! ఆ తుపాకీ ఎవరి చేతిలో పేలిందో కోర్టు కాగితాల్లోనే ఉంది. అయినా ఆమెను దోషిని చేసిన జూరీ అమాయకులా?

వెదర్స్‌ఫీల్డ్‌లో మేరీ జాన్సన్ పనిమనిషి. దొంగతనం చేసిందని 1646లో కొరడా దెబ్బలు తింది. మరో రెండేళ్లకు సైతానుతో స్నేహం ఉందని ఒప్పుకుంది. ఇంతకీ సైతాను ఆమెకు చేసిపెట్టిన ఘనకార్యాలేమిటి? పొయ్యిలో బూడిద తీయలేదని యజమాని తిడితే తీసి పోశాడట, చేలో పడ్డ పందులను తరిమాడట. చాకిరీతో ఒళ్లు హూనమైన మనిషి కోరుకున్న సాయం ఆ మాత్రమే. దానికే ప్రాణం తీశారు. ఒప్పించినవాళ్లు, ఉరికి పంపినవాళ్లు మాత్రం ఊరి పెద్దలుగానే మిగిలారు.

ఈ పాపం ఒక ఊరితో ఆగేది కాదు. ఇంగ్లండులో 1645-47 మధ్య మాథ్యూ హాప్కిన్స్ మంత్రగత్తెల వేటనే వృత్తిగా చేసుకున్నాడు. స్టోమార్కెట్ ఊరు ఒక్కటే అతనికి 23 పౌన్లు ముట్టజెప్పింది. అనుమానితుల పక్కన రాత్రింబవళ్లు కాపలా కూర్చునే అక్కడి పద్ధతిని 1648లో మసాచుసెట్స్ పాలకులు అరువు తెచ్చుకున్నారు. ఆ ఏడాదే బోస్టన్‌లో మార్గరెట్ జోన్స్‌ను ఉరితీశారు. దోషుల పేరెత్తకపోతే వాళ్ల పద్ధతులకు పక్క ఊళ్లో గిరాకీ పుడుతుంది.

నాటి మనుషులను నేటి కళ్లతో చూడకూడదన్నది తీర్మానాన్ని వ్యతిరేకించినవారి మాట. మరి ఆ కాలంలోనే అడ్డుపడ్డవాళ్ల సంగతేమిటి? సంపన్న వితంతువు కేథరిన్ హారిసన్‌ను 1669లో జూరీ దోషి అంది. ఒకే చేష్టకు ఇద్దరు సాక్షులుండాలని కనెక్టికట్ గవర్నర్ జాన్ విన్‌త్రాప్ జూనియర్ హయాంలోని కోర్టు పట్టుబట్టి, మరుసటి ఏడాది ఆమెను విడిచిపెట్టింది. అంతకుముందే ఇరుగుపొరుగువారు ఆమె పశువులను కొట్టి, పంట పాడుచేశారు. ఊరు విడిచి పోవాలన్న షరతు మాత్రం ఆమెకే పెట్టారు.

మనకేమిటి లెమ్మనుకోవద్దు. బాణామతి, చేతబడి, చిల్లంగి నెపాలతో చెట్టుకు కట్టేసి కొట్టడం, పళ్లు ఊడగొట్టడం, నిలువునా తగలబెట్టడం మన పల్లెలు చూసినవే. జరిగిన ప్రతిసారీ మూఢనమ్మకం అని నిట్టూర్చి, ఒక అవగాహన సదస్సు పెట్టి అధికారులు చేతులు దులుపుకుంటున్నారు. బిహార్ 1999లో, జార్ఖండ్ 2001లో ప్రత్యేక చట్టాలు చేసుకున్నాయి. మన రెండు శాసనసభలకు ఇంకా తీరిక చిక్కలేదు. పుకారు లేపి పొలం మీద కన్నేసిన పాలివాడు, పంచాయితీ పెట్టి జరిమానా గుంజిన పెద్దమనిషి ఎవరో పోలీసులకు తెలియదా? ఎమ్మెల్యేలకు తెలియదా? ఎన్నికలు రాగానే ఓట్ల బేరానికి వాళ్లు ముందుగా వెళ్లి కూర్చునేది ఆ పెద్దమనిషి అరుగు మీదే కదా!