టీవీ ప్రకటన గారికి గాజువాక నుంచి ఒక ఉత్తరం

మహారాజశ్రీ టీవీ ప్రకటన గారికి,

విశాఖపట్నం, గాజువాక నుంచి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు, సీరియల్ మధ్యలో ఆపి మరీ మీరే వచ్చి చెబుతున్నారు.

ముందుగా మీ కోడలు పిల్ల సంగతి. పొద్దున్నే పట్టుచీర కట్టుకుని, జిడ్డు గిన్నె తోమి మురిసిపోతుందే, ఆ పిల్ల. అత్తగారు ఆ గిన్నెలో మొహం చూసుకున్నాక గానీ మెచ్చుకోరు. మావగారు పేపరు దించరు. ఆడవాళ్లని అణిగిమణిగి ఉండేవాళ్లుగా చూపించకూడదని 1994 నాటి కేబుల్ టీవీ నిబంధనల్లోనే ఉంది. ప్రకటనల వాళ్లు 1985లో తమకు తామే పెట్టుకున్న మండలి ఆస్కీ, 2022లో ఇంకాస్త వివరంగా చెప్పింది. ఉద్యోగం నుంచి వచ్చిన ఆవిడ ఒక్కతే ఇంటి చాకిరీ చేస్తుంటే మిగతావాళ్లు తీరిగ్గా కూర్చున్నట్టు చూపించొద్దని ఉదాహరణతో సహా రాసింది. అయినా మావగారు పేపరు దించలేదు. బహుశా ఆ నిబంధనలే చదువుతున్నారేమో.

రంగు సంగతి క్లుప్తంగా. నల్లగా ఉన్నవాళ్లని దిగులు మొహాలతో, పెళ్లికీ ఉద్యోగానికీ పనికిరానివాళ్లుగా చూపొద్దని ఆస్కీ 2014లోనే చెప్పింది. 2020లో ఒక క్రీము పేరులోంచి ‘ఫెయిర్’ పోయి ‘గ్లో’ వచ్చింది. ఇప్పుడు అమ్మాయి నలుపని ఏడవదు, మొహంలో కళ లేదని ఏడుస్తుంది.

అసలు నా మంట వేరే. మా యాస. ఫ్లాట్ల ప్రకటనలో కారు దిగే ఓనరు ఏ ఊరిదో తెలియని తెలుగు మాట్లాడతాడు. గేటు తీసేవాడు మాత్రం “ఏటి బాబూ” అంటాడు. పనమ్మాయి, మోసపోయే పల్లెటూరాయన, అందరూ శ్రీకాకుళం బస్సు దిగినవాళ్లే. మధురవాడలో ఫ్లాటు అమ్మేదీ మాకే, గేటు దగ్గర నిలబెట్టేదీ మమ్మల్నే! ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవమని ఫొటోకి దండ వేస్తారే, ఆ గిడుగు రామమూర్తి గారు పుట్టింది శ్రీకాకుళం దగ్గరే. ఆయనొచ్చినా మీ సెట్లో గేటు తియ్యమనేలా ఉన్నారు.

ముప్పై సెకన్లలో మనిషిని పరిచయం చెయ్యాలి, జనానికి తెలిసిన గుర్తులే వాడతామంటారు. నిజమే. ఆ గుర్తులు జనానికి నేర్పిందెవరండీ?

ఒకసారి తెల్లవారకముందే ఫిషింగ్ హార్బర్‌కి రండి. పడవలు చేరగానే చేపల వేలంపాట మొదలవుతుంది. ఒకావిడ కోనెం మొప్ప ఎత్తి చూస్తుంది, వేలితో నొక్కుతుంది, కాగితం కలం లేకుండా లెక్క తేల్చేసి, పక్కవాడి నోరు మూయించే ధర పాడుతుంది. మీ బ్యాంకు ప్రకటనలో మొగుడు సంతకం పెడుతుంటే అతని భుజం మీద గడ్డం ఆనించి నవ్వే ఇల్లాలు ఉంటుంది చూడండి, అలా నవ్వడానికి ఈవిడకి టైము లేదు.

వచ్చే ఫ్లాట్ల ప్రకటనలో ఓనరు వేషం ఈవిడకివ్వండి. మీ తెల్ల చొక్కా హీరో గారు గేటు తీస్తారు. ఆవిడ మొదటి డైలాగు నేనే రాసిస్తాను, డబ్బులేం వద్దు: “ఏటి బాబూ, కార్పెట్ ఏరియా ఎంతొత్తాది?”

ఇట్లు,
రిమోట్ చేతిలో ఉన్న ఒక ప్రేక్షకురాలు