బత్తాయి బూజు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఆకుపచ్చ బూజు గారి సముఖమునకు, నల్లగొండ జిల్లాలో ఎనిమిదెకరాల బత్తాయి తోటకు పేరుకు మాత్రమే యజమానినైన నేను నమస్కరించి రాసుకుంటున్న విన్నపం.

తమరి శాస్త్రీయ నామం పెనిసిలియం డిజిటాటమ్ అని మా అమ్మాయి చెప్పింది. తమరి దాయాది ఒకరు 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ గాజుపళ్లెంలో మొలిచి లోకానికి పెన్సిలిన్‌ను ప్రసాదించారు. అంతటి వంశంలో పుట్టిన తమరు నాకు ప్రసాదించింది మాత్రం దళారి చీటీలో తరుగు.

అయినా పిలవని ఇంటి గడప తొక్కని మర్యాద తమరిది. తోలు చెక్కుచెదరని కాయలోకి తమరు రాలేరు. గోరు గీసినంత గాయమైనా కావాలి. ఆ గాయం దగ్గర వెలువడే తొక్కనూనె వాసనే తమరి సిద్ధబీజాలను, అంటే విత్తనాల్లాంటి ఆ పచ్చని పొడిని, నిద్ర లేపుతుంది. ఆ పిలుపులన్నీ పంపేది మేమే: కొమ్మలు ఊపి కాయలు రాలుస్తాం, తొడిమను కత్తిరించకుండా పీకుతాం, గంపను నడుమెత్తు నుంచి కుమ్మరిస్తాం, ఆపైన లారీలో కాయల మీదే నడుస్తాం. (కూలీలను అనడానికి నాకు నోరు లేదు, పొద్దు గూకక ముందే లోడెత్తమని తొందరపెట్టింది నేనే.) ఢిల్లీ చేరేసరికి తొక్క మీద మెత్తని మచ్చ, దాని చుట్టూ తెల్లని అంచు, నడుమ పచ్చని పొడి సిద్ధమవుతాయి. పక్క కాయలు కుళ్లకపోయినా, తమరి పొడి అంటుకున్న పాపానికి అవీ తరుగులోకే పోతాయి.

ఇమజలిల్, థయాబెండజోల్ వంటి బూజు మందులకు తమరి వంశంలో చాలామంది అలవాటు పడిపోయారు. అందుకే ఇప్పుడు పరిశోధకులు తమరి మీదికి మా పోపులపెట్టెను నడిపిస్తున్నారు. వాములోని థైమాల్, లవంగంలోని యూజినాల్, దాల్చినచెక్కలోని సిన్నమాల్డిహైడ్ తమరి కణపొరలోకి చొరబడి, దానికి తూట్లు పొడిచి, లోపలి సరుకును బయటికి కార్పిస్తాయి. ఈ మాట చెవిన పడగానే నేనొక సీసా వామునూనె కొని, కొలత చూసుకోకుండా, ఎంత ఎక్కువైతే అంత మేలనుకుని కాయలకు పట్టించాను. తోలు మీద కాలిన మచ్చలు తేలాయి, బత్తాయి రసం కడుపునొప్పి కషాయంలా వాసన వేసింది, నూనె ఆవిరైపోయాక తమరు యథావిధిగా విచ్చేశారు. అది అంత తొందరగా ఎగిరిపోకుండా, రొయ్యల పెంకుల నుంచి తీసే కైటోసాన్ వంటి పూతలో కలిపి వాడవచ్చని తరువాత తెలుసుకున్నాను గానీ, రొయ్యల పేరు వినగానే మా అమ్మ ఆ కాయలు దేవుడి గదిలోకి రాకూడదని తీర్పు చెప్పింది.

కాబట్టి ఈ కోతకు పన్నెండు కత్తెరలు, కొన్ని ట్రేలు తెచ్చాను. కాయలను 3 శాతం వంటసోడా నీళ్లలో కడిగిస్తున్నాను. అది తమరిని చంపదు, మొలకెత్తనీయకుండా కొన్నాళ్లు కూర్చోబెడుతుంది. గోళ్లు తీసుకోనిదే ఎవరూ తోటలోకి రాకూడదన్నాను. ఆ నియమం మొదట తగిలింది నాకే.

ఇంత చేసినా, లారీ కదలకముందే దళారి ఎప్పటి తరుగు అప్పుడే రాసేశాడు. ఆ లెక్క తమరి పేరు మీదే ఉంది. తమరు ఈసారి మా లోడులోకి రాలేదని, దయచేసి ఒక్కసారి మండీకి వచ్చి సాక్ష్యం చెప్పగలరని ప్రార్థన.

ఇట్లు,
తమరి పాత ఆతిథేయుడు