మ్యాపులోని ఎర్రగీత గారికి

గూగుల్ మ్యాప్స్‌లో ట్రాఫిక్ జామ్‌ను చూపించే మహారాజశ్రీ ఎర్రగీత గారికి నమస్కారాలు.

తమరి దయవల్ల మేమంతా క్షేమం. రోడ్డెలా ఉందో తలెత్తి చూడటం మానేసి చాలాకాలమైంది. ఎదుట దారి బోసిగా ఉన్నా సరే, తమరు ఎర్రబడ్డారంటే నోరెత్తకుండా బండిని సందులోకి తిప్పేస్తాం. మావి రెండు కళ్లే కదా. తమరికి ఊళ్లో ఫోన్లన్నీ కళ్లే.

ఇప్పుడీ ఉత్తరం ఎందుకంటే, తమరి పరువు తీసిన ఆ చేతిబండి గురించి. 2020లో సైమన్ వెకర్ట్ అనే కళాకారుడు వీడియోగా బయటపెట్టిన బెర్లిన్ నిర్వాకం తమరు మరిచిపోయి ఉండరు. ఓ చిన్న బండిలో 99 పాత స్మార్ట్‌ఫోన్లు పోశాడు. అన్నిట్లో మ్యాపు తెరిచాడు. బండి పట్టుకుని, ఏ తొందరా లేనివాడిలా వీధులు తిరిగాడు. 99 ఫోన్లు, ఒకేచోట, నత్తనడకన! తమరికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? పాపం కార్లన్నీ ఇరుక్కుపోయాయని జాలిపడి, అప్పటిదాకా పచ్చగా ఉన్న వీధిని ఎర్రగా చేసేశారు. వీడియోలో ఒకపక్క ఖాళీ రోడ్డు, ఇంకోపక్క కందగడ్డలా తమరి ముఖం. పైగా ఆ బండిని గూగుల్ వారి బెర్లిన్ ఆఫీసు ముందునుంచే లాక్కెళ్లాడు, ఎంత పొగరో చూడండి.

జామ్ అబద్ధమే. ఆ అబద్ధం నమ్మి పక్కకు మళ్లే కార్లు మాత్రం నిజం. అంటే కార్లు లేని రోడ్డుకు తమరు రద్దీ అంటగట్టారు, ఆ రద్దీకి జడిసి వచ్చే కార్లు కూడా రాకుండా పోతాయి. వీధిని చూసి తమరు బొమ్మ గీస్తున్నారనుకున్నాం ఇన్నాళ్లూ. బొమ్మను చూసి వీధి నడుస్తోందన్నమాట! ఇది చెప్పడానికి ఉపన్యాసం దంచకుండా బండి లాగి ఊరుకున్నాడే, అక్కడ నాకు నచ్చాడు.

గూగుల్ వారు మాత్రం నవ్వేసి హుందాగా గట్టెక్కారు. భారత్, ఇండోనేషియా, ఈజిప్టు వంటి దేశాల్లో కార్లనూ మోటార్ సైకిళ్లనూ వేరుచేసి చూడగలుగుతున్నాం, బండి సంగతే ఇంకా తేలలేదు అన్నారు.

మ్యాపులో చోటును గుర్తుపెట్టి చూపే తమరి చుట్టం పిన్ను గారికైతే అంతకు ముందే శాస్తి జరిగింది. మ్యాపు ఏ చోటును నగరానికి నడిబొడ్డుగా గుర్తిస్తుందో, సరిగ్గా అక్కడే మనిషిని మించిన ఎత్తున నిజం పిన్నును నిలబెట్టే పని 2006లో మొదలుపెట్టాడు అరామ్ బార్తోల్ అనే కళాకారుడు. తెర మీద ఎంత జూమ్ చేసినా పిన్ను గారు పెరగరు, తరగరు. వీధిలోకి దిగేసరికి ఎండకు వెలిసిపోవాలి, వానకు తడవాలి, గాలికి పడకుండా గట్టిగా నిలబడాలి. ఉద్యోగం కష్టమే.

ఇక నా సందేహం. ఫోన్ ఇంట్లో మరిచి నడిచేవాణ్ణి తమరు లెక్కలోకి తీసుకోరు. మనిషి లేని ఫోన్లు మాత్రం వాహనాలైపోతాయి, గౌరవంగా రోడ్డు మూసేస్తారు. మరి ఆ రోజు బెర్లిన్‌లో బండి లాగినవాడి సంగతేంటి? వాడి జేబులో నూరో ఫోన్ ఉందా? లేకపోతే ఆ ట్రాఫిక్ జామ్ మొత్తంలో తమరికి కనపడనిది వాడొక్కడే. తిరుగుటపాలో తెలియజేయ ప్రార్థన.

ఇట్లు,
సందు మొదట్లో ఇంజను ఆపుకుని, తమరు పచ్చబడేదాకా కదలని
విధేయుడు