సోడియం పరమాణువు గారికి విశాఖ నుంచి ఒక విన్నపం

అయ్యా,

మీ ఉప్పు తిన్నవాళ్ళం కాబట్టి మర్యాదగానే రాస్తున్నాం. సముద్రపు గాలిలో ఎగిరొచ్చి మా కిటికీ ఊచల్ని తినేస్తున్న సంగతి ఇక్కడ ఎత్తం. ఫిర్యాదు మీ వెలుగు గురించి.

డిగ్రీ ల్యాబులో మీరెంత బుద్ధిమంతులు! ముందు నియాన్‌ను ఎర్రగా వెలగనిచ్చి, ల్యాంపు వేడెక్కాక తమరు పసుపుగా దిగి, 589.0, 589.6 నానోమీటర్ల జంట గీతలు తప్పకుండా చూపించేవారు. రంగధామరావు గారు ఆంధ్రా యూనివర్సిటీలో స్పెక్ట్రోస్కోపీకి, అంటే కాంతిని గీతలుగా విడదీసి చదివే విద్యకి, పునాది వేసిన ఊరు మాది. మీ గీతలు మాకు కొత్తేం కాదు.

లేజరు సావాసంతోనే చెడ్డారు. గట్టిగా పట్టి వెలిగిస్తే ఒక గీత బదులు మూడు చూపిస్తారని 1969లో మోలో అనే భౌతిక శాస్త్రవేత్త లెక్కగట్టాడు. పోనీలే అనుకున్నాం. ఒక ఫోటాన్, అంటే ఒక కాంతి రేణువు, ఇచ్చిన వెంటనే ఇంకోటి ఇవ్వరని 1977లో కింబుల్, మాండెల్ అనే శాస్త్రవేత్తల జట్టు పట్టేసింది. కాంతి ఇచ్చి కింది శక్తి మెట్టుకి దిగినవారు మళ్ళీ ఎక్కాలిగా, అదీ న్యాయమే.

అసలు బాధ 1976 నాటిది. ఇటలీలోని పీసాలో మీ ఆవిరి నింపిన గాజు గొట్టంలోకి రెండు పౌనఃపున్యాల లేజరు కాంతి పంపారు. ఆ రెండిటి తేడా మీ కింది రెండు శక్తి మెట్ల ఎడానికి సరిగ్గా సరిపోయిన చోట, పసుపు వెలుగు మధ్యలో నల్లగీత! కాంతి చాలక కాదు. పైకెళ్ళే రెండు దారులూ ఒకదాన్నొకటి కొట్టేసుకునేలా సర్దుకుని కూర్చున్నారు తమరు. పుచ్చుకోరు, ఇవ్వరు. ఇదే కిటుకుతో 1999లో భౌతిక శాస్త్రవేత్త లీనె హౌ బృందం అతిశీతలమైన సోడియం మబ్బులో కాంతిని సెకనుకు 17 మీటర్లకు దింపింది. బీచ్ రోడ్డులో రాత్రిపూట మా కుర్రాళ్ళ బైకులు దాన్ని దాటేస్తాయి. 2014లో హుద్‌హుద్ పోయాక మా వీధి దీపాల్లోంచి మిమ్మల్ని తీసేసి ఎల్ఈడీలు పెట్టింది ఇందుకేనేమో!

ఈ విద్య మా ఊళ్ళో ఒక ఆఫీసుకే తెలుసనుకున్నాను. నా ఫైలు మీద ఇద్దరు అధికార్లూ ఒకేసారి "పైకి పంపవలెను" అని రాశారు. గుమాస్తా గారు ఇద్దరికీ చిత్తం అన్నారు. ఫైలు కదిలితే ఒట్టు. మొన్న ఆ ఇద్దరికీ చెడింది. సాయంత్రానికల్లా పై అంతస్తు ఎక్కేసింది. మీరూ అంతేనట: ఒక లేజరు పౌనఃపున్యం రవ్వంత తప్పిస్తే మళ్ళీ వెలుగుతారట.

అక్కడే నాది ఇంకో ఫైలుంది. వాళ్ళిద్దరూ మళ్ళీ రాజీపడ్డారని కబురొచ్చింది. ఒకరిని రవ్వంత తప్పించే ఉపాయం వెంటనే తెలుపగలరు.

ఇట్లు,
మద్దిలపాలెం నుంచి ఒక అర్జీదారు