నూటికి నాలుగు రూపాయల పదమూడు పైసలు

మా నాన్నగారు జీవితం మొత్తం మీద ఒక్కసారే అప్పు చేశారు. మా అక్క పెళ్లికి, షావుకారు గారి దగ్గర, నూటికి రెండు రూపాయల వడ్డీకి. నోటు రాసి, రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీదుగా సంతకం చేసి వచ్చిన రాత్రి ఆయన అన్నం ముట్టలేదని అమ్మ చెప్పేది. ఆ బాకీ తీరేదాకా ఆయన గంటస్తంభం దగ్గర పని ఉన్నా తిన్నగా వెళ్లేవారు కాదు. దారిలో షావుకారు అరుగు ఉంది కనుక చుట్టు తిరిగి వెళ్లేవారు. షావుకారు బాకీ అడిగేవాడేమీ కాదు. "బాగున్నారా గుమస్తా గారూ?" అనేవాడు, అంతే. ఆ ఒక్క మాటకే మా నాన్నగారి చెవులు ఎర్రబడేవి.

ఇంత అనాగరిక స్థితి నుంచి మన సమాజాన్ని గట్టెక్కించిన మహత్తర సంస్కరణ గురించి నాలుగు మాటలు రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. సతీసహగమనం పోయింది. బాల్యవివాహాలు చాలావరకు పోయాయి. అప్పు పుచ్చుకోవడంలో సిగ్గు కూడా పోయింది. మొదటి రెండింటికీ పాటుపడిన వారికి కూడలి కూడలికీ విగ్రహాలున్నాయి. మూడోదాన్ని సాధించిన ప్లాస్టిక్ ముక్కకు మాత్రం విజయనగరంలో ఇంతవరకు ఒక్క విగ్రహం లేదు. కృతఘ్నత అంటే ఇదే.

నా అర్హత కూడా చెప్పుకోవాలి. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారిని. ఇరవై ఆరేళ్లుగా ఎనిమిదో తరగతికి చక్రవడ్డీ బోధిస్తున్నాను. చదివేవారు ఈ సంగతి మధ్యలో మరచిపోవద్దని మనవి. నేను మరచిపోయాను.

కార్డు నా దగ్గరకు వచ్చిన తీరు చూడండి. షావుకారు దగ్గరకు మనం వెళ్లాలి, చెప్పులు బయట విడవాలి. ఇక్కడ మెడకు టై కట్టుకున్న కుర్రవాడు ఒకడు మధ్యాహ్నం భోజనం వేళ మా స్టాఫ్ రూముకే వచ్చాడు. "సార్, మీకు ముందుగానే మంజూరైపోయింది" అన్నాడు. నేను అడగనిదే నాకు మంజూరైనది నా జీవితంలో అదే మొదటిది. డీఏ బకాయిలు అడిగీ అడిగీ గొంతు పోయిన వాణ్ని, ఆ మాటకు కరిగిపోయాను. లిమిట్ లక్షన్నర. ఏడాదికి నాలుగుసార్లు విమానాశ్రయంలో లాంజ్ ఉచితం. నేను ఎక్కేది ఆర్టీసీ కాంప్లెక్సులో పల్లెవెలుగు. అయినా కుర్రవాడు తడబడలేదు. "భోగాపురంలో విమానాశ్రయం కడుతున్నారు కదా సార్" అన్నాడు. నిజమే కదా అని సంతకం పెట్టాను. స్టాంపు అంటించనక్కరలేదు, సాక్షి సంతకాలు లేవు. ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

ఈ సంస్కరణలో తెలుగువారి పాత్ర తక్కువేమీ కాదు. పట్టాభి సీతారామయ్య గారు 1923లో బందరులో పెట్టిన ఆంధ్రా బ్యాంకు, దేశంలో క్రెడిట్ కార్డులు తెచ్చిన తొలి బ్యాంకుల్లో ఒకటి. ఆ సంవత్సరం 1981. బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. కార్డు మాత్రం మనతో ఉండిపోయింది. బాకీల స్వభావమే అంత, ఇచ్చినవాడు పోయినా అవి ఉంటాయి.

ఇక అసలు విషయానికి వస్తాను. అసలు అంటే ఇక్కడ వడ్డీ అని అర్థం.

ఒక ఎండాకాలంలో ఏసీ, ఫ్రిజ్ రెండూ కార్డు మీద కొన్నాను. యాభై వేల పైచిలుకు. స్టేట్‌మెంటు వచ్చింది. అందులో రెండు అంకెలుంటాయి. ఒకటి మొత్తం బకాయి, దాన్ని చూస్తే గుండె దడ. రెండోది మినిమం డ్యూ. దాన్ని చూస్తే అమ్మమ్మను చూసినట్టు ఉంటుంది. "నీ దగ్గర ఉన్నంత పెట్టు నాయనా, తొందరేముంది" అంటున్నట్టు ఉంటుంది. నేను అమ్మమ్మ మాట విన్నాను.

ఆ మినిమం పోగా మిగిలింది 50,000. మరుసటి నెల లెక్క ఇది. బాకీ మీద నెలకు మూడున్నర శాతం వడ్డీ, 1,750. వడ్డీ మీద జీఎస్టీ 18 శాతం, 315. అంతా కలిపి 52,065. అందులో అయిదు శాతం మినిమం డ్యూ, 2,603. దర్జాగా కట్టేశాను. బాకీ ఎంత తరిగిందంటే, 538 రూపాయలు.

ఉపాధ్యాయుణ్ని కనుక ఊరుకోలేక, పేరు చెప్పకుండా ఈ లెక్కను నల్లబల్ల మీద వేశాను. కొత్తగా ఒక్క రూపాయి కూడా వాడకుండా, ప్రతి నెలా మినిమం మాత్రమే కడుతూ పోతే ఏడాదిలో ఏమవుతుంది? పిల్లలు కుస్తీ పట్టి తేల్చారు. కట్టేది సుమారు 29,450. తరిగే బాకీ సుమారు 6,090. బాకీ సగానికి దిగాలంటే సుమారు 64 నెలలు. (నా రిటైర్మెంటుకు అప్పటికి 58 నెలలుంది.) వెనక బెంచీ అమ్మాయి లేచి నిలబడింది.

"సార్, ఈయనకు లెక్కలు రావా?"

"వచ్చమ్మా" అన్నాను. ఆ ప్రశ్నకు అంతకంటే పెద్ద జవాబు సిలబస్‌లో లేదు.

షావుకారు భాషలో చెప్పుకుంటే, వడ్డీ, జీఎస్టీ కలిపి నెలకు నూటికి నాలుగు రూపాయల పదమూడు పైసలు. మన పక్క ఊళ్లలో మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడంటేనే "ఇక వాడి పని అయిపోయింది, రేపో మాపో ఐపీ పెడతాడు" అని నిట్టూరుస్తారు. నాలుగు రూపాయల పదమూడు పైసల వాణ్ని మాత్రం బ్యాంకు వారు 'గౌరవనీయులైన ఖాతాదారు' అని పిలుస్తారు, పుట్టినరోజుకు శుభాకాంక్షలు పంపుతారు. పదమూడు పైసల దగ్గరే గౌరవమంతా ఉన్నట్టుంది.

ఇందులో ఒక సూక్ష్మం ఉంది. గడువుకు మొత్తం కట్టినవాడికి కొన్న రోజు నుంచి ఇరవై మొదలు యాభై రోజుల దాకా వడ్డీ ఉండదు. ఒక్క నెల మిగిల్చారా, ఆ సౌకర్యం మొత్తానికే పోతుంది. పాత బాకీకే కాదు, కొత్తగా కొన్నదానికీ పోతుంది. ఆ నెల రైతుబజారు పక్క దుకాణంలో కార్డుతో కొన్న రెండు కిలోల ఉల్లిపాయలకు ఇంటికి రాకముందే వడ్డీ మొదలైంది. కొన్ని కుళ్లిపోతే మా ఆవిడ పారేసింది. వాటికీ వడ్డీ కట్టాను. కుళ్లిన ఉల్లిపాయను అంత ఆప్యాయంగా గుర్తుపెట్టుకునే వ్యవస్థ ప్రపంచంలో మరొకటి ఉండదు.

పైడితల్లి అమ్మవారి పండుగ సంగతి మరీ విశేషం. దసరా వెళ్లిన మంగళవారం సిరిమాను, అంటే పూజారిని చివర కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను; ముందు రోజు తొలేళ్ల ఉత్సవం. ఊళ్లో ప్రతి ఇల్లూ సత్రమే. చుట్టాలు దిగారు, చేతిలో నగదు లేదు. ఏటీఎంలో కార్డు పెట్టి 2,000 తీశాను. తీసినందుకు రుసుం 500, దాని మీద జీఎస్టీ 90, వడ్డీ ఆ నిమిషం నుంచే. నగదుకు వడ్డీలేని రోజులంటూ ఉండవని నాకు తరువాత తెలిసింది. ఆ డబ్బుతో కొన్న అరటిపళ్లనే సిరిమాను మీదకు విసిరాను. అమ్మవారికి అంత ఖరీదైన అరటిపళ్లు మహారాజులైనా సమర్పించి ఉండరు.

సిరిమాను గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరిగి ఆగుతుంది. మా సాంఘికశాస్త్రం మాస్టారి బాకీ ఆగదు. ఆయనకు మూడు కార్డులు. మొదటిదాని బకాయి గడువు దగ్గరపడగానే ఒక సెల్‌ఫోన్ల దుకాణానికి వెళతారు. దుకాణదారు రెండో కార్డు గీకి, నూటికి రెండున్నర కమీషను పట్టుకుని, మిగతాది చేతికిస్తాడు. కొన్నది ఏమీ ఉండదు, బిల్లు మాత్రం ఉంటుంది. ఆ డబ్బుతో మొదటి కార్డు కట్టేస్తారు. రెండోదాని కోసం మూడోది, మూడోదాని కోసం మళ్లీ మొదటిది. దీన్ని ఆయన 'రొటేషన్' అంటారు. అడిగితే ఆరో తరగతి నీటిచక్రం బొమ్మ చూపిస్తారు. సముద్రం నీరు ఆవిరై, మేఘమై, వానై తిరిగి సముద్రంలోకే వస్తుంది కదా, ఒక్క చుక్కైనా తగ్గిందా అని అడుగుతారు. తగ్గదు. ఆయన విషయంలో సముద్రం నెలనెలా కాస్త పెరుగుతోంది, అంతే. చివరకు సెల్‌ఫోన్ల దుకాణం మాత్రం రెండంతస్తులైంది.

ఇలాంటి త్యాగమూర్తుల మధ్య మా సైన్సు టీచరు గారి ప్రవర్తన చెప్పక తప్పదు. ఆవిడకు ఒకటే కార్డు. గడువు రోజున మొత్తం బకాయి బ్యాంకు ఖాతాలోంచి తనంత తానే వెళ్లిపోయేలా రాసిచ్చేసింది. మినిమం కాదు, మొత్తం. జీతంలో కట్టలేనిది కార్డు మీద కొనదు. ఏటీఎంలో ఆ కార్డు పెట్టదు. వాయిదాల మీద ఏదైనా అంటగట్టబోతే ప్రాసెసింగ్ ఫీజు ఎంత, దాని మీద జీఎస్టీ ఎంత అని ఎదురు ప్రశ్నలు వేస్తుంది. ఏళ్ల తరబడి ఒక్క రూపాయి వడ్డీ కట్టకపోగా క్యాష్‌బ్యాక్ కూడా పుచ్చుకుంటుంది. ఆ క్యాష్‌బ్యాక్ ఎవరి సొమ్ము? దుకాణదారు ఇచ్చుకునే రుసుముతో పాటు, నాబోటి వాడి ఉల్లిపాయల వడ్డీ కూడా అందులో కొంత ఉంటుంది. నేను చెమటోడ్చి మినిమం కడుతుంటే ఆవిడ ఆ డబ్బుతో ప్రెషర్ కుక్కరు కొనుక్కుంది. మన ఊరి స్త్రీలు ఇంత నిర్దయగా ఉంటారని అనుకోలేదు.

రిజర్వు బ్యాంకుకు కూడా ఈ సంస్కరణ ఎందుకో గిట్టదు. 2022లో పెద్ద నిబంధనావళి ఒకటి తెచ్చింది. అడగని కార్డు అంటగట్టి డబ్బు గుంజితే ఆ మొత్తం వెనక్కి ఇవ్వడమే కాక దానికి రెట్టింపు జరిమానా. కార్డు రద్దు చేయమని అడిగితే, బాకీ లేనప్పుడు, ఏడు పని దినాల్లో చేయాలి, లేకపోతే ఆలస్యానికి రోజుకు 500 ఖాతాదారుకే ఇవ్వాలి. మినిమం మాత్రమే కడుతూ పోతే బాకీ ఏళ్ల తరబడి సాగుతుందని, వడ్డీ మీద వడ్డీ పడుతుందని స్టేట్‌మెంటు మీదే హెచ్చరిక అచ్చు వేయాలి. వేశారు. ఆ అక్షరాలను మా బయాలజీ ల్యాబు సూక్ష్మదర్శినిలో స్పష్టంగా చదువుకోవచ్చు.

న్యాయస్థానం మరింత పెద్దమనసు చూపింది. ఏడాదికి 30 శాతం మించి వడ్డీ గుంజడం అన్యాయమని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ అంటే, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. వడ్డీ సంగతి రిజర్వు బ్యాంకు చూసుకుంటుందని చెప్పింది. నా కార్డుకు జీఎస్టీ కాక ఏడాదికి 42.

"తిరుపతి వెంకన్నకే తప్పలేదు" అని నాకు నేను సర్దిచెప్పుకునేవాణ్ని. కుబేరుడి దగ్గర చేసిన పెళ్లి అప్పుకు ఆయన కలియుగాంతం దాకా వడ్డీ మాత్రమే కడుతున్నాడట. అంటే మినిమం డ్యూకు ఆద్యుడు ఆయనే. ఒకరోజు ఈ మాట పైకే అన్నాను. మా ఆవిడ పప్పు తాలింపు వేస్తూ అంది: "ఏమండీ, ఆయనకు హుండీ ఉంది."

ఆ మాట తరువాతే నేను ఆ అరుగు ఎక్కాను. పాత షావుకారు లేడు, ఆయన కొడుకు కూర్చుంటున్నాడు. అదే అరుగు, అదే ఇనప్పెట్టె. కొత్తది ఎలక్ట్రానిక్ త్రాసు ఒక్కటే. యాభై వేలు కావాలన్నాను.

"దేనికి మాస్టారూ?"

"కార్డు బాకీ తీర్చేయడానికి."

"దాని వడ్డీ ఎంత?"

చెప్పాను. నమ్మలేదు. క్యాలిక్యులేటరు తీసి నొక్కాడు, చెరిపి మళ్లీ నొక్కాడు. అదే వచ్చింది. కాసేపు గోడ మీది తండ్రి ఫొటోకేసి చూశాడు.

"మా నాన్నను ఈ ఊరు రక్తం తాగేవాడంది మాస్టారూ" అన్నాడు, బాగా నొచ్చుకున్నట్టుగా. "రెండు రూపాయలకు."

నోటు రాశాడు. మూడేళ్లు దాటేలోగా నోటు తిరగరాయాలని గుర్తుచేశాడు. స్టాంపు అంటించి ముందుకు జరిపాడు. దాని మీదుగా సంతకం చేస్తుంటే చెవులు వేడెక్కాయి. వీధిలో ఎవరైనా చూస్తున్నారేమోనని తల వంచుకున్నాను. ఇంత పెద్ద సంస్కరణను అనుభవించిన నాకు మళ్లీ ఈ పాతకాలపు రోగం ఏమిటో అర్థం కాలేదు.

డబ్బు లెక్కపెట్టి ఇచ్చే ముందు అతను చెయ్యి చాపాడు.

"మీ ఆవిడ గొలుసు వద్దు మాస్టారూ, నోటు చాలు. కానీ ఆ కార్డు ఇక్కడ పెట్టి వెళ్లండి. బాకీ తీరాక తీసుకుందురు గాని."

పర్సులోంచి తీసి ఇచ్చాను. కుదువ వస్తువులకు వాడే చిన్న గుడ్డసంచీ తీశాడు, చీటీ మీద నా పేరు, తేదీ రాశాడు. తరువాతి గడి దగ్గర ఆగి, అలవాటు చొప్పున కార్డును త్రాసు మీద పెట్టాడు.

"బరువు అయిదు గ్రాములు" అని రాసుకున్నాడు.