సంఖ్యలు చాలు, ఇక పేర్లు చదవండి

ఏప్రిల్ 7 వస్తే రువాండా పనులాపి నిలబడుతుంది. 1994లో వంద రోజుల్లో దాదాపు ఎనిమిది లక్షల మందిని, ఎక్కువగా టుట్సీ తెగవాళ్లను, నరికి చంపిన దేశం అది. చాలాచోట్ల చంపింది ఇరుగుపొరుగువాళ్లే. జాతిహనన బాధితుల కోసం ఐక్యరాజ్యసమితి డిసెంబర్ 9ని కేటాయించిందని మనలో ఎందరికి తెలుసు? బెజవాడ బెంజి సర్కిల్ ఆ రోజు కూడా ట్రాఫిక్ జామ్‌కే ఆగుతుంది.

ఎక్కడో ఆఫ్రికాలో జరిగినదానికి బెజవాడలో కొవ్వొత్తులెందుకు, పాత గాయాలు కెలకడమెందుకు అంటారు కొందరు. గాయపడినవాళ్లు ఆ మాట అనగా నేను వినలేదు.

స్తూపం కట్టి, ఏటా మంత్రిగారితో దండ వేయిస్తే స్మరణ అయిపోదు. జర్మన్ కళాకారుడు గుంటర్ డెమ్నిగ్ 1990లలో మొదలుపెట్టిన పని చూడండి. నాజీలు ఈడ్చుకెళ్లినవాళ్ల ఇంటి ముందు, ఫుట్‌పాత్‌లో, పది సెంటీమీటర్ల ఇత్తడి పలక. పేరు, పుట్టిన ఏడు, ఏమయ్యారో, అంతే. యూరప్‌లో అవి లక్ష దాటాయి. అరవై లక్షల మంది యూదులంటే బుర్రకెక్కదు. మన వీధిలో మూడో ఇంటాయన అంటే ఎక్కుతుంది. ఆయన్ను పట్టపగలు లాక్కెళుతుంటే పక్కింటివాళ్లు ఏం చేస్తున్నారన్న ప్రశ్న కూడా వస్తుంది. స్తూపం దగ్గర ఆ ప్రశ్న రాదు. ప్రభుత్వాలకు స్తూపాలంటే అంత ఇష్టం అందుకే.

గుంటూరువాళ్లకు ఆ ప్రశ్న కొత్త కాదు. 1991 ఆగస్టు 6న, తెనాలి పక్కన చుండూరులో, ఎనిమిది మంది దళితులను వేటాడి చంపి, శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువల్లో పడేశారు. చట్టం లెక్కలో అది జాతిహననం కాదు, నిజమే. పుట్టుక చూసి చంపడం మాత్రం రెండింటిలోనూ ఒకటే. బతికినవాళ్లు మృతులను ఊరి నడుమే పాతిపెట్టి, ఆ చోటుకి రక్తక్షేత్రమని పేరు పెట్టారు. పట్టుబట్టి ఊళ్లోనే ప్రత్యేక కోర్టు సాధించారు. ఆ కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. కేసు సుప్రీంకోర్టుకెక్కింది. తీర్పులు తిరగబడినా సమాధులు కదల్లేదు. వాటిని పెట్టింది ఏ సాంస్కృతిక శాఖా కాదు. అర్మేనియాలోనూ అంతే. 1965లో జనం రాజధాని యెరెవాన్ వీధుల్లోకి వచ్చాకే, ఒట్టోమన్ తుర్కుల పాలనలో హతమైన అర్మేనియన్లకు 1967లో అక్కడ స్మారకం లేచింది.

బెజవాడలో ఏ సెంటర్‌కెళ్లినా నాయకుడి విగ్రహమే. చనిపోయిన నాయకులకు ఇంత చోటు, చంపబడ్డ కూలీలకు ఇంత కరువు ఇంకెన్నాళ్లు? స్వరాజ్ మైదానంలో 125 అడుగుల అంబేడ్కర్ ఉన్నారు కదా. జులై 17న ఆయన ముందు, 1985లో అదే రోజు కారంచేడులో చంపబడ్డ దళితుల పేర్లు చదవండి, ఆగస్టు 6న చుండూరు పేర్లు, డిసెంబర్ 9న రువాండా పేర్లు, బోస్నియాలోని స్రెబ్రెనికాలో ఊచకోతకు గురైనవాళ్ల పేర్లు. ఒక మైకు, పావుగంట సమయం చాలు. మంత్రులొస్తే రానివ్వండి, జనంలో కూర్చుంటారు.